అటెన్‌బరో అనే ఇంటిపేరు ఎంతమందికి ఉంది? వాళ్ళందరూ ఒకే కుటుంబమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరు ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఉద్యోగం చేస్తున్నారు. మీ టీమ్ లీడ్ ఇంటిపేరు అటెన్‌బరో. "ప్రకృతి డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో గారు మీ చుట్టమా?" అని అడిగితే ఆయన నవ్వి, "అందరూ అదే అడుగుతారు, మాకే తెలీదు" అన్నారు. ఇంటికొచ్చి వెతికితే ఒక సైటులో ఒక అంకె, ఇంకో సైటులో దానికి రెట్టింపు అంకె కనిపించాయి. అసలు ఈ పేరు ఎంతమందికి ఉంది, ఎక్కడెక్కడ ఉంది, అందరూ ఒకే వంశమా అన్నది మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్ళుగా లెస్టర్‌లో ఉంటున్నాను. ఉద్యోగం వేరే. ఒక కుటుంబ చరిత్ర సంఘంలో వాలంటీరుగా పాత పారిష్ రిజిస్టర్లు (ఒక్కో చర్చి పరిధిలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిన పుస్తకాలు) చదివి టైపు చేసే పని మాత్రం పదేళ్ళు దాటి చేస్తున్నాను. ఈ చుట్టుపక్కల ఇంటిపేర్లతో కాస్త పరిచయం ఉంది కాబట్టి తెలిసింది రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. ఇది అరుదైన పేరే. పుట్టిల్లు నాటింగమ్‌షైర్ అనే కౌంటీ, మీరున్న చోటికి బాగా దగ్గర. మీ టీమ్ లీడ్, సర్ డేవిడ్ ఇద్దరూ ఆరేడు వందల ఏళ్ళ కిందటి ఒకే మనిషి సంతానం అయ్యే అవకాశం బాగానే ఉంది. అయితే మనం పెళ్ళికి శుభలేఖ పంపేంత చుట్టరికం అనుకోకండి.

డెర్బీ నుంచి నాటింగమ్ వెళ్ళే రైలు దారిలో అటెన్‌బరో అనే చిన్న స్టేషన్ వస్తుంది. మీరు ఎప్పుడో ఒకప్పుడు దాటే ఉంటారు, చాలా రైళ్ళు ఆగవు కాబట్టి గమనించి ఉండరు. ట్రెంట్ నది ఒడ్డున ఊరు. సెయింట్ మేరీ చర్చి, దాన్ని ఆనుకుని పాత ఇళ్ళు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు మీద యుద్ధం చేసిన క్రామ్‌వెల్‌కి సేనాని అయిన హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఊరి పక్కన ఒకప్పుడు కంకర తవ్విన గోతులు నీళ్ళు నిండి చెరువులయ్యాయి, పక్షులు చేరాయి. దాన్ని 1966లో ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రారంభించింది ఎవరో తెలుసా? డేవిడ్ అటెన్‌బరోనే. ఊరి పేరే తన ఇంటిపేరు అయినాయన వచ్చి ఆ ఊరి చెరువుల్ని ప్రారంభించారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన గౌరవార్థం ఆ చోటికి ఆ పేరు పెట్టారనుకున్నాను. జరిగింది తలకిందులు.

ఊరి పేరు ఇంటిపేరు అవడం మనకి కొత్త కాదు. కందుకూరి, వేటూరి, నిడదవోలు అన్నీ అలా వచ్చినవే. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది, అది అక్కడా ఇక్కడా ఒకటే. కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ "కందుకూరి వాళ్ళు" అనరు, ఎందుకంటే ఊరంతా కందుకూరు వాళ్ళే. ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరాక, అక్కడివాళ్ళు గుర్తుకోసం పెట్టే పేరు అది. కాబట్టి అటెన్‌బరో అనే ఇంటిపేరు పుట్టింది అటెన్‌బరో ఊళ్ళో కాదు, అక్కడి నుంచి ఎవరో ఒకాయన లేచి వెళ్ళిన ఊళ్ళో. చాలావరకు అలాంటి మనిషి దూరం పోడు. ఐదు మైళ్ళో పది మైళ్ళో. అంతకన్నా దూరం పోతే అవతలివాళ్ళకి ఈ చిన్న ఊరి పేరే తెలియదు, నాటింగమ్ వాడనే అంటారు.

పేరుకి అర్థం విషయంలో ఒక చిక్కు ఉంది, దాన్ని త్వరగా చెప్పేసి ముందుకెళ్తాను. మధ్యయుగపు ఇంగ్లిషులో "అట్టెన్" అంటే "ఫలానా దాని దగ్గర" అని. అట్‌వుడ్ అంటే అడవి దగ్గర ఉండేవాడు, అట్‌వెల్ అంటే ఊట దగ్గర ఉండేవాడు. "అట్టెన్ యాష్", అంటే యాష్ చెట్టు దగ్గర, సంధి కలిసి నకారం ముందుకి జారి "నాష్" అనే ఇంటిపేరయింది. మన వ్యాకరణం చదువుకున్నవాళ్ళకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది. ఆ దారిలో చూస్తే అటెన్‌బరో కూడా "కోట దగ్గర ఉండేవాడు" అనో "దిబ్బ దగ్గరవాడు" అనో అనిపిస్తుంది, అలా రాసిన నిఘంటువులూ ఉన్నాయి. ఊరి పేరు విషయంలో మాత్రం అందులో "అట్టెన్" లేదనీ, ఆడ్డా లాంటి పేరున్న ఒక పాత ఆంగ్లో-శాక్సన్ మనిషి కోట అనీ స్థలనామాలు చదివినవాళ్ళు చెప్తారు. ఇంటిపేరు ఎక్కువగా ఉన్నదీ ఊరి చుట్టూనే కాబట్టి నేను ఊరి వైపే మొగ్గుతాను.

ఇక అంకెలు. మీకు రెండు సైట్లలో రెండు అంకెలు రావడంలో వింత లేదు. "ప్రపంచంలో ఈ ఇంటిపేరు ఇంతమందికి ఉంది" అని ఒక్క ముక్కలో చెప్పే సైట్లు చాలావరకు ఫోన్ డైరెక్టరీలు, ఓటరు జాబితాలు ఏవో తీసుకుని అందాజాగా హెచ్చవేస్తాయి. బ్రిటన్ ప్రభుత్వం జనాభా లెక్కల నుంచి ఇంటిపేర్ల పట్టిక తీసి ప్రచురించే అలవాటు పెట్టుకోలేదు. జనాభా లెక్కల కాగితాలు వందేళ్ళ దాకా బయటికి రావు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1921 లెక్కలు 2022 జనవరిలో వచ్చాయి. 1931వి మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. అంటే తర్వాత బయటికి రావలసినవి 1951వి. అప్పటిదాకా ఆగాలి.

నమ్మదగిన అంకె కావాలంటే 2016లో నాలుగు సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు చూడండి. బ్రిస్టల్‌లోని వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి సాగిన పని అది. నలభై ఐదు వేలకు పైగా ఇంటిపేర్లున్నాయి. 2011లో వందమందికి మించి ఉన్న పేర్లు, 1881లో ఇరవైమందికి మించి ఉన్న పేర్లు అందులోకి ఎక్కాయి. ఒక్కో పేరు కింద 1881లో ఎంతమంది, 2011లో ఎంతమంది, 1881లో ఏ కౌంటీలో ఎక్కువ అన్నది ఉంటుంది. కొనాల్సిన పని లేదు, మీ కౌంటీ లైబ్రరీ కార్డు ఉంటే దాంతో ఆన్‌లైన్‌లో చూడటానికి వీలుంటుందేమో అడగండి, చాలా చోట్ల ఉంది.

ఇంతకీ "అరుదు" అంటే ఎంత? గీత గీసి చెప్పే నియమం ఏదీ లేదు. స్మిత్‌లు 1881లోనే నాలుగు లక్షలకు పైన, ఇప్పుడు ఐదు లక్షలు దాటి ఉన్నారు. వందల్లో ఉన్నా, ఒకటి రెండు వేలున్నా అందరూ అరుదనే అంటారు. నా లెక్కలో మాత్రం ఎంతమంది అన్నదానికన్నా ఎక్కడెక్కడ అన్నదే ముఖ్యం. వెయ్యిమంది ఉండి దేశమంతా సమంగా చల్లినట్టు ఉంటే, ఆ పేరు పది చోట్ల విడివిడిగా పుట్టి ఉంటుంది. రెండువేలమంది ఉన్నా మూడు పక్కపక్క పారిష్‌ల చుట్టూనే ఉంటే, అది ఒకే ఇంటి నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

అందుకే అందరూ 1881 పట్టుకుంటారు. ఆ ఏడాది ఏప్రిల్ 3న జరిగిన లెక్కల్ని 1980ల చివరి నుంచి వేలమంది వాలంటీర్లు పేరు పేరునా ఎక్కించారు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ కలిపి దాదాపు మూడు కోట్ల మంది. అప్పటికి రైళ్ళు వచ్చాయి గానీ కార్లు రాలేదు, రెండు ప్రపంచ యుద్ధాలూ కాలేదు. జనం కదిలారు, కానీ మూలం గుర్తుపట్టలేనంతగా కదల్లేదు. రావెన్‌స్టైన్ అనే ఆయన 1871, 1881 లెక్కల్లో జన్మస్థలాలు చూసి 1885లో వలసల మీద ఒక వ్యాసం రాశారు. వలసపోయేవాళ్ళలో ఎక్కువమంది దగ్గరికే పోతారని తేల్చింది ఆయనే. ఇంటిపేర్ల పటాలు ఈ రోజుకీ పనికొస్తున్నాయంటే కారణం ఆ మాటే.

1881 పటం మీద అటెన్‌బరోలని పెడితే నాటింగమ్‌షైర్‌లో చిక్కగా కనిపిస్తారు, పక్కనే డెర్బీషైర్‌లో కొందరు, లండన్‌లో ఒక ముద్ద. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. లండన్‌లో కూడా ఇంతమంది ఉన్నారు కాబట్టి మూలం లండనేమో అంటారు. లెక్క తేలికగా ఉండాలని ఊరికే అంకెలు అనుకుందాం: లండన్‌లో 60 మంది, నాటింగమ్‌షైర్‌లో 60 మంది. సమానంగా కనిపిస్తున్నాయి కదా? 1881లో లండన్ జనాభా 38 లక్షలు, నాటింగమ్‌షైర్‌ది 3.9 లక్షలు. లక్షకి ఎంతమంది అని చూస్తే లండన్‌లో ఒకటిన్నర, ఇక్కడ పదిహేను. పది రెట్లు తేడా. మంచి పటాలు ఈ లక్షకి ఇంత అనే లెక్కతోనే రంగులేస్తాయి. మీరు చూసే పటం ఏదైనా, అది మనుషుల్ని లెక్కపెట్టిందా, లక్షకి ఎంతమందో చూపిస్తోందా అన్నది ముందు చూసుకోండి. ఇది చూడకుండా వాదించుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

లండన్ ముద్దకి కారణం ఉంది. విక్టోరియా రాణి కాలంలో అక్కడ అటెన్‌బరో అంటే తాకట్టు దుకాణాలకి పెట్టింది పేరు. ఒకరు వెళ్ళి నిలదొక్కుకున్నాక తమ్ముణ్ణి, మేనల్లుణ్ణి రప్పించుకోవడం ఏ దేశంలోనైనా జరిగేదే. అరుదైన పేరు పెద్ద ఊళ్ళో ఒకచోట గుంపుగా కనిపిస్తే, అక్కడే పుట్టిందనుకునే ముందు వాళ్ళు ఏ వ్యాపారంలో ఉన్నారో చూడండి.

ఇంకో చిట్కా ఉంది, పటాలు గీసే సైట్లేవీ దీన్ని చూపించవు. 1881 లెక్కల్లో ప్రతి మనిషి పక్కనా ఎక్కడ పుట్టారో రాసి ఉంటుంది. మీరు అటెన్‌బరోలందరినీ కాకుండా, అరవై దాటిన ముసలివాళ్ళని మాత్రమే తీసి, వాళ్ళు ఉన్న చోటు వదిలేసి పుట్టిన చోటు పటం మీద పెట్టండి. అప్పుడు మీకు కనిపించేది 1881 పటం కాదు, 1820 ముందరి పటం. రైళ్ళకి ముందరిది. గడ్డి పరకలా చెదిరిన చుక్కలన్నీ ఒక్కసారిగా దగ్గరికి జరుగుతాయి. పేరు చిన్నదైతే ఒక ఆదివారం సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. నాకైతే ఈ మొత్తం వ్యాపకంలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో, వేరే ఇంటిపేరు ఒకటి పట్టుకుని జనన నమోదుల సూచికలో వెతుకుతున్నాను. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో జననాలు, పెళ్ళిళ్ళు, మరణాలు నమోదై, మూడు నెలలకోసారి సూచిక తయారయ్యేది. అందులో ఊరు ఉండదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు ఉంటుంది. నేను వెతుకుతున్న కుటుంబం పిల్లలందరి పక్కనా "షార్డ్‌లో" అని ఉంది. షార్డ్‌లో డెర్బీషైర్‌లోని ఊరు. సరే, వీళ్ళు డెర్బీషైర్ వాళ్ళని ఖాయం చేసుకుని ఆరు వారాలు డెర్బీషైర్ రిజిస్టర్లు తిరగేశాను. ఒక్క పేరూ దొరకలేదు. చివరికి సంఘంలో ఒక పెద్దావిడ నా కాగితం చూసి, "షార్డ్‌లో జిల్లాలో నాటింగమ్‌షైర్ ఊళ్ళు కూడా ఉన్నాయి నాయనా" అన్నారు. జిల్లాలు గీసింది పేదల సహాయానికి ఏర్పాటైన పారిష్‌ల కూటముల్ని బట్టి. అవి కౌంటీ సరిహద్దుల్ని లెక్కచేయలేదు. నాటింగమ్‌షైర్‌లోని స్టాపుల్‌ఫర్డ్ అనే ఊళ్ళో పుట్టిన పిల్లలు సూచికలో షార్డ్‌లో కిందికే వస్తారు.

ఈ స్టాపుల్‌ఫర్డ్ మీకు కావలసిన ఊరే. డేవిడ్, రిచర్డ్ అటెన్‌బరోల నాన్నగారు ఫ్రెడరిక్ 1887లో పుట్టింది అక్కడే. గాంధీ సినిమా తీసిన రిచర్డ్ కేంబ్రిడ్జ్‌లో, డేవిడ్ లండన్ పక్కన ఐజిల్‌వర్త్‌లో పుట్టారు. వాళ్ళ జన్మస్థలాలు చూస్తే ఏమీ తేలదు. ఒక్క తరం వెనక్కి వెళ్ళగానే అటెన్‌బరో ఊరికి మూడు మైళ్ళ దూరంలో తేలతాం. ఇంటిపేరు పుట్టి ఆరేడు వందల ఏళ్ళయినా, కుటుంబం మూడు మైళ్ళే కదిలింది. అరుదైన పేర్లలో ఇది మామూలే. ఊరి పొలిమేర దాటి పేరు తెచ్చుకుని, పక్క ఊళ్ళోనే ఉండిపోతారు. కదిలితే పంతొమ్మిదో శతాబ్దంలో లేసు ఫ్యాక్టరీలకి, మేజోళ్ళ మగ్గాలకి, బొగ్గు గనులకి కదులుతారు, అదీ నాటింగమ్ దాకా.

అక్షరాల గొడవ కూడా చూసుకోవాలి. ఇంటివాళ్ళకి రాయడం రాకపోతే, లెక్కల కోసం ఇంటికొచ్చిన గణకుడు చెవికి వినిపించింది రాసేవాడు. 1881కి ఇంటింటి కాగితాలు ఇప్పుడు లేవు, వాటిని చూసి గణకులు పుస్తకాల్లోకి ఎక్కించిన నకళ్ళే ఉన్నాయి. దాన్ని చూసి వందేళ్ళ తర్వాత వాలంటీరు టైపు చేశాడు. అంటే కనీసం రెండు చేతులు మారింది. అటెన్‌బరో చివరి "బరో" ఇంగ్లిషులో ఒకటికి మించిన రకాలుగా రాస్తారు. మొదటి అక్షరం పూర్తిగా మారిపోతే మామూలు వెతుకులాటలో దొరకనే దొరకదు. మారిపోయే అక్షరాల చోట నక్షత్రం గుర్తు (*) పెట్టి, మధ్యలో నిలకడగా ఉండే హల్లులు మాత్రం ఇచ్చి వెతకండి. అరుదైన పేర్లలో ఇలా పదిమంది అదనంగా దొరికినా పటం మారిపోతుంది. స్మిత్‌లలో పదివేలమంది తప్పిపోయినా ఎవరికీ తెలియదు.

అంకె చూసేటప్పుడు మరో మాట. 1881లో ఒక ఇంటిపేరుకి 300 మంది అన్నారంటే అందులో పెళ్ళయి వచ్చిన కోడళ్ళున్నారు. వాళ్ళ పుట్టింటి పేరు వేరు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు పెళ్ళయి వెళ్ళి వేరే పేర్ల కింద లెక్కలోకి వెళ్ళారు. పేరు మోసేవాళ్ళు 300, దాన్ని ముందుకి తీసుకెళ్ళే మగపిల్లలు అందులో సగం కన్నా తక్కువ.

అసలు కొన్ని పేర్లు ఎందుకు అరుదుగా మిగిలాయి? దీనికి చక్కటి లెక్క ఉంది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1873లో ఒక పత్రికలో ఈ ప్రశ్న వేశారు, వాట్సన్ అనే మతాచార్యుడు, గణితజ్ఞుడు జవాబు పట్టారు, ఇద్దరూ కలిసి 1874లో ప్రచురించారు. జనాభా పెరగకుండా, తగ్గకుండా ఉందనుకోండి, ప్రతి మగాడికి సగటున ఒక కొడుకు పెరిగి పెద్దవాడవుతాడు. సగటు ఒకటే గానీ, కొందరికి ముగ్గురు, కొందరికి ఒక్కరూ ఉండరు. మామూలు సంభావ్యత సూత్రంతో వేస్తే మొదటి తరంలోనే నూటికి 37 పేర్లు పోతాయి. ఐదు తరాలకి 73. పది తరాలకి 84. ఎవరి తప్పూ లేదు, యుద్ధమూ కరువూ అక్కర్లేదు, వరుసగా ఆడపిల్లలే పుడితే చాలు. (వాట్సన్ ఇంకో అడుగు వేసి అన్ని పేర్లూ చివరికి పోవాల్సిందేనని తేల్చారు. జనాభా పెరుగుతుంటే అది నిజం కాదు, ఆయన సమీకరణంలో రెండో జవాబు చూడలేదు.) ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు స్థిరపడింది సుమారు 1250, 1400 మధ్య. ఆ మధ్యలోనే 1348-49లో ప్లేగు వచ్చి జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టేసింది. ఒక చిన్న ఊరి పేరుతో ముగ్గురు విడివిడిగా ఇంటిపేరు పొందినా, వాళ్ళలో ఒక్కరి వంశమే మిగలడం మామూలు. కాబట్టి అరుదైన పేరు ఒక్కడి నుంచే వచ్చిందంటే, మొదట్లో ఒక్కడే ఉన్నాడని కాదు, ఒక్కడిదే మిగిలిందని కూడా కావచ్చు.

కాగితాల మీద ఇంతవరకే చెప్పగలం. తర్వాత మాట డీఎన్ఏది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, వై క్రోమోజోమూ అంతే. రెండూ ఒకే దారిలో నడవాలి. మన గోత్రాల గురించి ఆలోచన వస్తుంది కదా, వచ్చినా ఇక్కడ ఆపుదాం, అది వేరే చర్చ.

2000లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే జన్యు శాస్త్రవేత్త తన ఇంటిపేరే తీసుకుని పరీక్షించారు. సైక్స్ అనే ఇంటిపేరున్న 48 మందిలో 43.8 శాతానికి ఒకే రకం వై క్రోమోజోము వచ్చింది. సైక్స్ అంత అరుదైన పేరు కాదు, అయినా అంతమంది కలిశారు. పేరు ఒకటి, రక్తం ఇంకొకటి అయ్యే సందర్భాలు (పెంపకం, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడం, ఇంకా మీరు ఊహించగలిగినవి) తరానికి 1.3 శాతం ఉంటాయని ఆయన లెక్క. చిన్నదే అనిపిస్తుంది. ఏడు వందల ఏళ్ళంటే ఇరవై మూడు తరాలు. తరానికి 1.3 చొప్పున తీసేస్తూ పోతే చివరికి నూటికి 74 మందే మూలపురుషుడి క్రోమోజోముతో మిగులుతారు.

ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని 1,678 మంది మగవాళ్ళని పరీక్షించారు. స్మిత్‌లలో ఇద్దర్ని పిలిస్తే, రోడ్డు మీద పోయే ఇద్దర్ని పిలిచినదానికీ దానికీ తేడా లేదు. అరుదైన పేర్లలో కథ వేరు. లాంకాషైర్ వైపు స్విండిల్‌హర్స్ట్, మన అటెన్‌బరో, ఈ రెండు పేర్లలో 70 శాతానికి పైగా మగవాళ్ళకి ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం క్రోమోజోము ఉంది. పైన వేసిన లెక్కతో పోల్చి చూడండి. ఏడు వందల ఏళ్ళ కింద ఒక్కడే మూలపురుషుడైతే మిగలాల్సినంత మందే మిగిలారు. మీ ప్రశ్నకి నేను చూపగలిగిన అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

ఆ పరిశోధన జరిగిన చోటు కూడా చెప్పాలి. లెస్టర్ అప్పట్లో యూనివర్సిటీ కాలేజీగా ఉన్నప్పుడు, 1932 నుంచి 1951 దాకా ప్రిన్సిపాల్‌గా చేసింది ఫ్రెడరిక్ అటెన్‌బరో, డేవిడ్ వాళ్ళ నాన్నగారే. క్యాంపస్‌లో ఉన్న ఎత్తైన కట్టడం పేరు అటెన్‌బరో టవర్. ఆయన చదువుకున్నది ఆంగ్లో-శాక్సన్ రాజుల కాలం నాటి చట్టాలు, అంటే తన ఊరి పేరు పుట్టిన భాష. టూరి కింగే తర్వాత లెస్టర్ కారు పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ రాజు ఎముకల డీఎన్ఏ చూసింది. నేను రోజూ ఆ టవర్ ముందునుంచే బస్సులో వెళ్తాను.

అయితే పటం చూసి పొంగిపోయి వంశం తేల్చేయకూడదనడానికి ఒక ఉదాహరణ. 2007లో ఇదే బృందం తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన ఒక అరుదైన ఇంటిపేరులో ఆఫ్రికాకి మాత్రమే చెందిన వై క్రోమోజోము కనిపెట్టింది. ఆ పేరున్న 18 మందిలో ఏడుగురికి అది ఉంది, పదకొండుమందికి లేదు. కాగితాలు చూస్తే ఆ ఏడుగురూ రెండు కుటుంబాలుగా పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్ళారు, అంతకుముందు ఆ రెంటినీ కలిపే కాగితం లేదు. ఆఫ్రికా నుంచి ఆ మనిషి యార్క్‌షైర్‌కి ఎప్పుడు, ఎలా వచ్చాడన్నది పటమూ చెప్పదు, రిజిస్టరూ చెప్పదు. పేరు అరుదు, చోటు ఒకటే, అయినా లోపల రెండు మూడు ధారలు.

మీ టీమ్ లీడ్ విషయానికి వస్తే, ఆయనకి నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే ఇది చేయండి. కొందరు ఇంగ్లిషువాళ్ళు ఇలాంటివి అడిగితే బయటికి నవ్వినా లోపల ఇబ్బంది పడతారు. డీఎన్ఏ కిట్ మాట మీరుగా ఎత్తకండి, అందులో ఇంట్లోవాళ్ళకి తెలియని సంగతులు బయటపడి టెన్షన్ పెట్టిన సందర్భాలు చూశాను. ముందు కాగితాలు. ఆయన తాతగారి పేరు, పుట్టిన ఏడాది తెలిస్తే 1939 రిజిస్టరులో (రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో ఇంటింటికీ తిరిగి తీసిన జనం జాబితా) ఇల్లు దొరుకుతుంది. అక్కడి నుంచి 1921, 1911. 1911లో ఇంటి యజమాని సొంత చేతిరాతతో నింపిన కాగితమే మిగిలింది, ముత్తాత చేతిరాత చూడగానే చాలామందికి నోట మాట రాదు. అలా 1881 దాకా వెళ్ళి అక్కడ జన్మస్థలం చూస్తే, స్టాపుల్‌ఫర్డ్ చుట్టుపక్కల ఏ ఊరో తెలిసిపోతుంది. ఆ పైన పారిష్ రిజిస్టర్లు. 1641-42లో పద్దెనిమిది దాటిన మగవాళ్ళ చేత ప్రమాణం చేయించి రాసుకున్న జాబితాలు నాటింగమ్‌షైర్‌కి చాలావరకు ఉన్నాయి, ఊరూరా ఉన్న పేర్లు ఒకేసారి చూడొచ్చు. అక్కడిదాకా వెళ్ళగలిగితే అదృష్టవంతులే.

సూచికలో ఆయన ముత్తాత పేరు పక్కన "షార్డ్‌లో" అని కనిపిస్తే మాత్రం డెర్బీషైర్ వైపు పరుగెత్తకండి. ఇక్కడే కింద రాయండి, స్టాపుల్‌ఫర్డ్ రిజిస్టర్లో కొన్నేళ్ళు నేనే టైపు చేశాను, ఆ పేజీలు నా దగ్గరున్నాయి.